బతికున్నవాళ్ళ వరుసలో ఒక పేరు

కిందటి వారం కథ కత్తెర దగ్గర ఆగింది.

కోడిని ముక్కలు చేసే కత్తెర అది. దాంతో స్మరంద తన తల్లి అగ్రిపీనా బ్యాంకు కార్డుని, పక్కింటి ఫ్రోసా పిన్ని కళ్ళెదుటే, రెండు ముక్కలు చేసి సాసర్లో పడేసింది. "కనబడిన ప్రతిదాన్నీ నొక్కేస్తావు. నీకంటే చిన్నపిల్లలు నయం" అని కూడా అంది. ఎవరో కార్డు నంబరు దొంగిలించి, పోయినవాళ్ళ పేరిట చర్చిలో జరిపే పెద్దల శనివారం కోసం అగ్రిపీనా కూడబెట్టుకున్న డబ్బులో సగానికి పైగా ఊడ్చుకుపోయారు. డ్రోన్ కొన్నారు. డ్యాన్సు బూట్లు కొన్నారు. ఎక్కడో ఎండ కాసే దేశంలో హోటల్ గది కూడా తీసుకున్నారు.

ఆ పెద్దల శనివారం రేపే. ఏడేళ్ళ కిందట పొగమంచులో, డాన్యూబ్ నది మీద సరుకుల బార్జిలోంచి మాయమైన పంఫిల్‌కి, అంటే స్మరంద నాన్నకి, రేపు ఏడో ఏటి సంస్మరణ. అదే ఆఖరిది. ఆ తర్వాత చర్చిలో అతని కోసమంటూ విడిగా ఏమీ జరగదు. పోయిన వాళ్ళందరితో పాటు తనూ ఒకడు.

కత్తెర ఆడుతున్నంతసేపూ అగ్రిపీనా ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. నిన్న స్మరందకి అది బాగానే అనిపించింది. తప్పు ఒప్పుకున్న మనిషి మౌనంగానే ఉంటుంది కదా.

ఇవాళ పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే ఫోన్ టింగుమంది. ఖాతాలోంచి మళ్ళీ డబ్బు పోయింది. ఈసారి కుక్కబిస్కెట్లు. అవీ ఖరీదైన రకం.

నిన్న కత్తెర తీసే ముందే ఆ కార్డుని ఫోన్‌లో ఆపేసింది. చచ్చిన కార్డు బిస్కెట్లు కొనదు. ఈ సంగతి గలాట్స్ ఊళ్ళో స్మరంద కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. బ్యాంకులో ఆమె కూర్చునేది కార్డు దొంగతనాల బల్ల దగ్గరే. చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని, ఏడుస్తూ ఫోన్ చేసేవాళ్ళకి ఏం చెయ్యాలో ఒక్కొక్కటిగా చెప్పడం ఆమె ఉద్యోగం. నెలకోసారి పెన్షనర్ల క్లబ్బుకి వెళ్ళి, గోడ మీద బొమ్మలు వేసి చూపించి మరీ పాఠం చెబుతుంది. అయినా టూత్‌బ్రష్ నోట్లో పెట్టుకుని, 'నిన్నటిదే అయ్యుంటుంది, ఆలస్యంగా వచ్చిందంతే' అని తనకి తనే నచ్చజెప్పుకుంది. తెలివి ఉన్నవాళ్ళకి ఇదొక సౌకర్యం. తమని తాము మోసం చేసుకోవడానికి వేరే మనిషి అక్కర్లేదు.

బ్యాంకులో పనిచేసేవాళ్ళు సొంతవాళ్ళ ఖాతాల జోలికి పోకూడదు. కాబట్టి ఊళ్ళో అందరిలాగే తనూ ఫోన్ చెయ్యాలి. ఖాతా అగ్రిపీనాది గనక మాట్లాడాల్సింది అగ్రిపీనా. ఆమె చేతులేమో రేపు పంచిపెట్టే కొలివాలో మునిగి ఉన్నాయి. ఉడికించిన గోధుమలు, పంచదార, నూరిన వాల్‌నట్లు. అందుకని స్మరంద ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి, స్పీకర్ పెట్టి, తల్లి పక్కన నిలబడింది. వంటింటి కిటికీ అవతల మధ్యాహ్నమైనా మంచు విడవలేదు. నది ఎక్కడుందో, రేవు ఎక్కడుందో ఆనవాలు లేదు.

ఫోన్‌లో పాట మొదలైంది. ఎంతకీ ఆగదు.

"ఈ పాట ఎవరు పెట్టారే? శవం దగ్గర కూడా ఇంతకంటే హుషారుగా పాడతారు" అంది అగ్రిపీనా.

"మార్కెటింగ్ వాళ్ళమ్మా."

"ఎవరు పోయారట వాళ్ళకి?"

స్మరంద నవ్వలేదు. షిఫ్టులో అంతమంది ఉంటారు, ఎవరైనా ఎత్తనీ, ఆ ఒక్కతి తప్ప అనుకుంటోంది. సరిగ్గా ఆ ఒక్కతే ఎత్తింది.

"నమస్కారం. ఈ సంభాషణ రికార్డవుతుంది. నా పేరు ఇలింక. మీకు ఏ విధంగా సాయపడగలను?"

ఇలింకకి ఈ పని నేర్పింది స్మరందే. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తింటారు.

"ఇలింకా, నేనే."

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. ఒక క్షణం తర్వాత మళ్ళీ మొదలైంది.

"మేడమ్, మీ పూర్తి పేరు చెప్పండి."

సరిగ్గా చేసింది. రికార్డయ్యే లైన్ మీద కన్నతల్లి ఫోన్ చేసినా మేడమే అని నేర్పింది కూడా తనే. స్మరంద పేరు చెప్పి, ఖాతాదారు పక్కనే ఉందని చెప్పి, తల్లి వైపు ఫోన్ జరిపింది.

ఇలింక అగ్రిపీనాని పుట్టిన తేదీ అడిగింది, పుట్టింటి పేరు అడిగింది. "మా దగ్గరున్న వివరాలు ఒకసారి సరిచూస్తానమ్మా. వివాహిత అని ఉంది. అంతేనా, ఏమైనా మార్చాలా?"

అగ్రిపీనా చేతిలో చెక్క గరిటె ఆగింది.

"అంతే. ఉండనీ తల్లీ."

స్మరంద తల్లి మొహంలోకి చూసింది. తల్లి గిన్నెలోకి చూసింది.

"ముందుగా ఒక్క మాటమ్మా" అంది ఇలింక. "ఇలా జరిగినందుకు మీరు సిగ్గుపడక్కర్లేదు. ఇది ఎవరికైనా జరగొచ్చు. ఫోన్ చేసి మంచి పని చేశారు."

ఈ మూడు వాక్యాలూ స్మరంద రాసినవే. ఒక సాయంత్రం పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ, కంప్యూటరంటే బెదిరిపోయే ముసలివాళ్ళని తలుచుకుంటూ, అరగంటలో రాసి పారేసింది. ఇప్పుడు బల్ల దగ్గరున్న వాళ్ళందరూ అవే చదువుతారు. అప్పుడు భలే కుదిరాయనుకుంది. ఇవాళ ఇవతలి వైపు నిలబడి వింటుంటే, ఊళ్ళో వాళ్ళకని కొలతల్లేకుండా కుట్టిన చొక్కా తనకే తొడుగుతున్నట్టుంది. ఎక్కడా పట్టడం లేదు.

"ఎంత మర్యాదైన పిల్ల!" అంది అగ్రిపీనా కూతురితో. "ఈమెదీ నీ ఉద్యోగమేగా? ఎంత మెత్తగా మాట్లాడుతోందో చూడు."

"ఊఁ."

"ఏ కార్డు పోయిందమ్మా?" అడిగింది ఇలింక.

"నాదే తల్లీ. నిన్న మా అమ్మాయి కత్తిరించేసిందిగా." అగ్రిపీనా చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, సాసర్లోంచి రెండు ముక్కలూ తీసి పక్కపక్కన పెట్టి, కళ్ళు చికిలించి చివరి నాలుగు అంకెలు చదివింది.

అవతల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం స్మరందకి తెలుసు. తెర మీద ఒకటి ఉండి, చెప్పాల్సింది ఇంకొకటి అయినప్పుడు వచ్చే నిశ్శబ్దం.

"అమ్మా, మీరు చదివిన కార్డు మీద ఏమీ జరగలేదు. కిందటి నెల మందుల షాపులో గీకారు, అంతే. ఇవన్నీ రెండో కార్డు మీద జరిగాయి. మీ ఖాతాకే ఇచ్చిన అదనపు కార్డు. అది..." ఇలింక గొంతు సర్దుకుంది. "అది మీ అమ్మాయి పేరు మీద ఉంది."

"నిన్నటివి కూడానా?" అంది స్మరంద.

"నిన్నటివీ, ఇవాళ్టిదీ. అన్నీ మేడమ్."

ఖాతా ఒకటే, కార్డులు రెండు. దేని నంబరు దానిదే. ఫోన్‌లో చూస్తే డబ్బు పోయిందని మాత్రమే కనిపిస్తుంది. ఏ కార్డు మీద పోయిందో తెలియాలంటే వేలితో ఇంకొక్కసారి నొక్కి వివరాలు తెరవాలి. 'వివరాలు తెరిచి చూడండి, చివరి నాలుగు అంకెలు చూడండి' అని రోజంతా ఊరికి చెప్పే మనిషి, ఇంట్లో ఆ ఒక్క నొక్కు నొక్కలేదు. దోషి ముందే దొరికితే సాక్ష్యం ఎవడు వెతుకుతాడు?

అగ్రిపీనా నెమ్మదిగా స్టూలు మీద కూర్చుంది.

"అంటే... నేను కాదా?"

"మీరు కాదమ్మా" అంది ఇలింక.

"స్మారా, విన్నావా? నేను కాదట."

స్మరంద తిట్ల కోసం కాచుకుంది. తిట్లు రాలేదు. తల్లి మొహంలో నవ్వు వచ్చింది, జ్వరం దిగిన మనిషి నవ్వు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

"రాత్రంతా అదే ఆలోచన. ఎక్కడ కొట్టాను, ఎప్పుడు కొట్టాను, ఒక్కటీ గుర్తుకు రాదే! మా అమ్మకి వచ్చినట్టే నాకూ మతి పోతోందేమో అనుకున్నా. చివర్లో పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగుతుంటే చూస్తూ నిలబడేది, గుర్తుందా? అలాగేమో అనుకున్నా." అగ్రిపీనా కార్డు ముక్కని వెనక్కి తిప్పింది. దాని మీద తెల్లటి ప్లాస్టర్ ముక్క. వేలు తెగితే వేసుకునేది. "వెనకున్న మూడంకెలు ఎవరికీ కనబడకూడదని క్లబ్బులో నువ్వే చెప్పావుగా. ఆ రోజే ఇది అంటించా. ఒకసారి పీకితే మళ్ళీ ఇలా అంటుకోదు కదా. పీకలేదే, మరి ఆ అంకెలు ఎలా కొట్టాను అని..."

"మరి ఆ ముక్క నిన్నే చెప్పొచ్చుగా!" స్మరంద అరిచింది. తప్పు తనదని తెలిసిన క్షణాన గొంతు ఎందుకు పెరుగుతుందో ఆమెకి అర్థం కాలేదు.

"నువ్వంత గట్టిగా చెబుతుంటే నిజమేనేమో అనుకున్నానే."

ఫోన్‌లో ఇలింక చిన్నగా దగ్గింది. "మేడమ్, రెండో కార్డు ఇప్పుడే ఆపేశాను. ఇకమీదట ఏమీ పోదు. ఈ కొనుగోళ్ళేవీ మీవి కావని ఫిర్యాదు రాస్తున్నాను. మీరు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి కూడా రాసివ్వాలి. ఆ కాగితం మాకు కావాలి. ఈమెయిల్ పాస్‌వర్డ్, బ్యాంకు పాస్‌వర్డ్ ఇవాళే మార్చండి. కార్డు నంబరు ఇంకే ఆన్‌లైన్ దుకాణంలోనైనా దాచిపెట్టి ఉంటే తీసేయండి." ఊపిరి తీసుకుంది. "ఇప్పుడు చెప్పండి. ఈమధ్య కొత్తగా ఈ నంబరు ఎక్కడ ఇచ్చారు?"

"బూట్లు. ఆన్‌లైన్‌లో బూట్లు కొన్నాను."

"ఏ దుకాణం?"

స్మరంద ఆగిపోయింది. ఫోన్ చేసేవాళ్ళు అందరూ ఆగే చోటు ఇదే. ఇక్కడ ఎవరైనా తడబడితే తను మ్యూట్ నొక్కి, ఇలింక వైపు తిరిగి కన్ను కొట్టేది. ఇద్దరూ పందేలు వేసుకునేవారు, ప్రేమ వ్యవహారమా, బట్టతల మందా అని.

"నీకు కొత్త బూట్లు లేవేమే?" అంది అగ్రిపీనా.

"మేడమ్" ఇలింక గొంతు తగ్గింది. "ఎక్కడిచ్చారో లేకపోతే ఫిర్యాదు ముందుకి కదలదు. మీకు తెలియనిది కాదు."

తెలుసు. తెలియనిదల్లా ఆ మాట నోట్లోంచి ఎలా వస్తుందన్నదే.

కిందటి ఆదివారం, డ్యూటీ అయ్యాక బస్సులో. అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. ఫోన్‌లో తనంతట తనే ఒక ప్రకటన వచ్చింది. కొండ మీద మఠం, వెలుగుతున్న కొవ్వొత్తులు, తల వంచుకున్న సన్యాసి. 'పెద్దల శనివారానికి మీవాళ్ళ పేర్లు పంపండి. ప్రార్థనలో చదువుతాం.' బతికున్నవాళ్ళ పేర్లకి ఒక వరుస, పోయినవాళ్ళకి ఒక వరుస. కింద కార్డు నంబరు.

వీధి చివర చర్చిలోనూ పేర్లు చదువుతారు. కానీ అక్కడ అగ్రిపీనా ఏడేళ్ళుగా పంఫిల్ పేరు పోయినవాళ్ళలో రాసిస్తోంది. చదివేది ఒకే ఫాదర్, అదీ గొంతెత్తి. పోయినవాళ్ళలో ఒకసారి, బతికున్నవాళ్ళలో ఒకసారి అదే పేరు వినబడితే చర్చి చర్చంతా వెనక్కి తిరిగి చూస్తుంది. అందుకే తమని ఎరగని మఠం కావాలి, ఎంత దూరంగా ఉంటే అంత మంచిది.

పైగా స్మరంద దేవుణ్ణి ఆటపట్టించే మనిషి. ప్రతి ఈస్టర్‌కీ భోజనాల దగ్గర, "ఆయన కస్టమర్ కేర్‌కి ఎన్నిసార్లు చేసినా తిరిగి ఫోన్ చెయ్యరు" అనేది తనే. అలాంటిది బస్సులో కోటు గుండీ విప్పి, ఫోన్ లోపల పెట్టుకుని, పక్క సీటువాళ్ళకి కనబడకుండా, పెద్దల శనివారం ఖర్చే కదా అని అమ్మ ఖాతా కార్డు నంబరు కొట్టింది. దొంగచాటుగా చేసే పనిలో మనిషి ఇంకేమీ చూసుకోదు, తనని ఎవరైనా చూస్తున్నారా అన్నది తప్ప. పేజీ చిరునామా చూడలేదు. బ్యాంకు నుంచి కోడ్ వస్తే అంకెలు మాత్రం ఎత్తి రాసింది. అంకెల కింద ఉన్న వాక్యం చదవలేదు. 'మీ కార్డుని కొత్త ఫోన్‌కి జోడించడానికి' అని ఉంటుంది. ఆ వాక్యం క్లబ్బులో తనే చదివి వినిపిస్తుంది.

"మఠం" అంది స్మరంద.

"ఏమిటి మేడమ్?"

"మఠంలాంటి పేజీ. పేర్లు పంపితే ప్రార్థనలో చదువుతారని ఉంది. కొవ్వొత్తికి డబ్బు కట్టాను."

మ్యూట్ నొక్కుతుందని ఎదురుచూసింది. నొక్కలేదు. కీబోర్డు చప్పుడు వస్తూనే ఉంది.

"ఈ వారం మీరే మొదటివాళ్ళు కాదు" అంది ఇలింక. "కోడ్ కూడా ఇచ్చారా?"

"ఇచ్చాను."

"కింద రాసింది..."

"చదవలేదు."

"చదవమని క్లబ్బులో చెప్పావుగా?" అంది అగ్రిపీనా. అందులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

"కోడ్ మీ చేత్తోనే ఇచ్చారు గనక డబ్బు వెనక్కి వస్తుందని మాట ఇవ్వలేను. రాదని కూడా అనను" అంది ఇలింక. అదీ స్మరంద రాసిన వాక్యమే. "కార్డు కాక ఇంకేమిచ్చారు? ఫోన్ నంబరు, పేర్లు... ఏవి ఇచ్చారో వాటితోనే మళ్ళీ వస్తారు. అందుకే అడుగుతున్నా."

"నా ఫోన్ నంబరు. పేర్లు." స్మరంద పంచదార డబ్బా మీది పువ్వుల బొమ్మ చూస్తూ చెప్పింది. "పోయినవాళ్ళలో అమ్మమ్మ. బతికున్నవాళ్ళలో అమ్మ."

"అంతేనా?"

"నాన్న."

పొయ్యి మీద గోధుమలు బుడగలు తీస్తున్నాయి. అగ్రిపీనా లేచి వెళ్ళి మంట తగ్గించింది. అటు తిరిగే నిలబడిపోయింది.

"స్మారా..." అంది ఇలింక, రికార్డింగ్ మర్చిపోయి. వెంటనే సర్దుకుంది. "మేడమ్, చివరి మాట. వాళ్ళు మళ్ళీ వస్తారు. ఒకసారి ఇచ్చినవాళ్ళ దగ్గరికే వస్తారు. ఈసారి మీకు ఏది కావాలో తెలుసుకుని వస్తారు. దేన్నీ నొక్కకండి, జవాబివ్వకండి." ఆఖర్న, "జాగ్రత్త" అంది. ఆ మాట స్మరంద రాసిచ్చిన కాగితంలో లేదు.

ఫోన్ ఆగిపోయాక వంటిల్లు మరీ పెద్దదైనట్టనిపించింది.

"ఏడేళ్ళుగా నేను కొలివా పంచుతున్నా" అంది అగ్రిపీనా పొయ్యి వైపు చూస్తూనే. "నువ్వు పక్కన నిలబడి గిన్నె పట్టుకుంటున్నావు. గిన్నె పట్టుకుని, లోపల మాత్రం బతికే ఉన్నాడనుకుంటున్నావా?"

"ఊఁ."

"నాతో ఒక్క ముక్క అంటే ఏం పోయింది?"

"ఏమని అనమంటావు?" అంది స్మరంద. "బతికుంటే మనల్ని వదిలేసి పోయినట్టే కదా. బూట్లు విప్పి, బార్జి అంచున వరసగా పెట్టి పోయాడు. నీళ్ళలో పడేవాడు బూట్లు విప్పుతాడా, అవతలి ఒడ్డున ఎవత్తో ఉందిలే అని ఊరంతా అంటూనే ఉంది. పోయాడనుకుంటే నీకు కాస్త మర్యాదగా ఉంటుందని..."

"మర్యాద!" అగ్రిపీనా ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నా గొంతులో తడి లేదు. "ఫ్రోసా ముందు నా కార్డు కోడి కత్తెరతో కోసినప్పుడు ఆ మర్యాద ఎక్కడికి పోయిందే?"

స్మరంద తల ఎత్తలేదు. నేల వైపు చూస్తూనే అంది, "నువ్వు మాత్రం? ఇందాక వివాహితనన్నావు."

"ఆ పిల్ల అడిగింది, చెప్పాను. ఫాదర్ ఎప్పుడూ అడగలేదు."

అగ్రిపీనా గోధుమలు పళ్ళెంలోకి వంచి, చేత్తో గుండ్రంగా సర్దడం మొదలుపెట్టింది. ఈ పని ఒకప్పుడు పంఫిల్‌ది. వాల్‌నట్ పప్పులు శిలువ ఆకారంలో పేర్చడంలో చర్చి ఆడవాళ్ళు కూడా అతని ముందు దిగదుడుపే. అదీ ఎడమ చెయ్యి వాటంతో, నాలుగు వేళ్ళతో. ఆ చేతికి చిటికెన వేలు లేదు. పెళ్ళికి ముందే బార్జి మీద తాళ్ళు చుట్టే యంత్రం తినేసింది. బజార్లో ఐదు కిలోల ఉల్లిపాయలు కావాలని ఆ చెయ్యి ఎత్తితే కొట్టువాడు నాలుగే తూచేవాడు. ఇంటికొచ్చాక అగ్రిపీనా తిట్టేది. "వాడి లెక్క తప్పు కాదే, నా చెయ్యే తక్కువ" అనేవాడు.

స్మరంద తలుపు తీసి బయటికి నడిచింది.

ఫ్రోసా పిన్ని రేపటి కోసం జుట్టుకి రంగు వేసుకుని, నెత్తి మీద ప్లాస్టిక్ సంచితో తలుపు తీసింది.

"పిన్నీ, నిన్న కార్డు సంగతి. అమ్మ కాదు, నేను."

"నువ్వేమిటి?"

"దొంగలకి నంబరిచ్చింది నేను. అమ్మ ఏమీ నొక్కలేదు. నేనే చూసుకోకుండా అమ్మని తిట్టాను."

ఫ్రోసా నెత్తి మీది సంచి సర్దుకుంది. ఇది తీరిగ్గా వినాల్సిన విషయమని ఆమెకి అర్థమైంది. "నువ్వా? గోడ మీద బొమ్మలేసి మాకందరికీ నేర్పిన నువ్వా?"

"అవును."

"అలాంటివి నొక్కేవాళ్ళని చూస్తే జాలేస్తుందన్నావు చూడు, ఆ నువ్వేనా?"

"నేనే పిన్నీ."

"ఎక్కడిచ్చావేమిటి?"

"అది చెప్పను."

"అయితే చెడ్డ చోటే" అంది ఫ్రోసా తృప్తిగా. అంతలో మొహం కొంచెం వాడింది. "అయ్యో, కింద ఇంటివాళ్ళకి అప్పుడే చెప్పేశానే, పాపం అగ్రిపీనాకి మతి తప్పుతోందని. మూడో అంతస్తులోనూ చెప్పా. సరేలే, మళ్ళీ చెబుతా. ఇది దానికంటే బాగుంది."

తలుపు మూసుకుంది. మూసుకున్న తలుపు ముందు స్మరంద కొంచెంసేపు నిలబడింది. చెవులు మండుతున్నాయి.

లోపలికి వచ్చేసరికి అగ్రిపీనా వాకిట్లోనే ఉంది. అంతా విందని తెలుస్తోంది. వాల్‌నట్ పప్పుల గిన్నె కూతురి చేతిలో పెట్టింది.

"శిలువ పేర్చు. వంకర పోనివ్వకు, మీ నాన్న చూస్తే నవ్వుతాడు."

ఎక్కణ్ణుంచి చూస్తాడో చెప్పలేదు. స్మరంద అడగలేదు. మొదటి పప్పు మధ్యలో పెట్టింది, రెండోది దాని కింద.

పంచదార డబ్బా పక్కన ఫోన్ టింగుమంది.

ఎరగని నంబరు. పైన కొవ్వొత్తి బొమ్మ. స్మరందకి నవ్వొచ్చింది, ఇవాళ మొదటిసారి. "వచ్చేశారు చూడు. ఇలింక చెప్పి గంట కాలేదు."

"ఏమంటారు?"

"చదువుతా విను, క్లబ్బులో చెప్పడానికి పనికొస్తుంది. 'ప్రియమైన సోదరీ స్మరందా, బతికున్నవారి వరుసలో మీరు రాసిన పంఫిల్ పేరు ప్రార్థనలో చదివాం.' చదివారట, దొంగవెధవలు. 'ఆయన గురించి మీకు చెప్పవలసినది ఒకటి ఉంది. వివరాలకి కింద నొక్కండి.' ఇలాగే ఉంటాయమ్మా, అందరికీ ఇవే పంపుతారు. పేరు ఒక్కటే మారుస్తారు. 'ఎడమ చేతికి...'"

ఆగిపోయింది.

"ఊఁ, ఎడమ చేతికి?"

స్మరంద మిగతా వాక్యం మనసులో చదువుకుంది. మళ్ళీ చదివింది. తర్వాత పైకి చదివింది.

"'ఎడమ చేతికి నాలుగే వేళ్ళున్న ఆ మనిషి మిమ్మల్ని అడిగాడు.'"

అగ్రిపీనా కూతురి పక్కకి వచ్చింది.

"వేలి సంగతి కూడా రాశావా?"

ఆ పేజీలో పేరు రాసే గడి తప్ప ఇంకేమీ లేదు. ఒక్క పేరు, అంతే. దేవుడికి అంతకంటే అక్కర్లేదని అనుకున్నట్టు కూడా గుర్తుంది.

"లేదు."

పొయ్యి మీద ఏమీ లేదు, అయినా అగ్రిపీనా వెళ్ళి పొయ్యి ఆపింది. చేతులు కడుక్కోలేదు. పంచదార అంటిన చెయ్యి కూతురి వైపు చాచింది.

"ఫోన్ ఇలా ఇవ్వు" అంది.